మీటర్ రీడింగులు ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి కేబుల్ కొనాలా?

కేబుల్ కొనకండి. ముందు ఒక లాంగ్‌బుక్కు, గట్టు మీద షెడ్డులో దారం కట్టి వేలాడదీసే పెన్ను కొనండి. వెనామీ రొయ్యల చెరువులకి మెమరీ ఉన్న డీఓ మీటర్ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) తీసుకున్నానని, రీడింగులు ఎక్సెల్‌లోకి తెచ్చుకోవడానికి కేబుల్, సాఫ్ట్‌వేర్ విడిగా కొనాలా అని అడిగారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. భీమవరం వైపు మా బాబాయి చెరువుల లెక్కలు చాలాకాలంగా చూస్తున్నది నేనే.

మా మీటరూ మెమరీ ఉన్నదే. ఒకసారి బ్యాటరీలు మార్చినప్పుడు అందులో గడియారం చెరిగిపోయింది. చెరువు మీద ఉండే కుర్రాడు టైము మళ్ళీ పెట్టాడు గానీ, సాయంత్రం నాలుగు పెట్టాల్సిన చోట తెల్లవారుజాము నాలుగు పెట్టాడు. నేను కేబుల్ తగిలించి ఫైలు లాగితే రీడింగులన్నీ నిమిషంలో ఎక్సెల్‌లో వచ్చి పడ్డాయి. గ్రాఫు ఎంత ముచ్చటగా వచ్చిందో! బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, తెర మీదికి వంగి చూసి, "ఏరా, తెల్లారుజామున ఏడున్నర ఏంటి, సాయంత్రం మూడున్నర ఏంటి? ఇవి మన చెరువు లెక్కలేనా?" అన్నాడు.

పగలంతా నీళ్ళలోని ప్లాంక్టన్, అంటే కంటికి కనపడనంత సన్నటి నాచు, ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, అందుకే మధ్యాహ్నం మూడు నాలుగింటికి డీఓ బాగా పెరుగుతుంది. రాత్రయితే అదీ రొయ్యతో పాటే పీల్చుకుంటుంది, తెల్లవారేసరికి డీఓ అడుగంటుతుంది. రాత్రిళ్ళు నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లకి కరెంటు బిల్లు, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిలు తగలేసేది అందుకే కదా! ఇదంతా ఎక్సెల్‌కేం తెలుసు? ఏ అంకె ఇస్తే దానికే గీత గీసి పెడుతుంది. అదే చేత్తో రాసుంటే "ఉదయం 4, డీఓ 7.5" అన్న దగ్గరే పెన్ను ఆగిపోయేది. (ఆ ఫైలు బాగుచేయడం పెద్ద పనేం కాదు. తేదీ, టైము కలిసి ఉన్న గడికి 0.5, అంటే అర రోజు, కలిపితే ఎక్సెల్‌లో 12 గంటలు ముందుకి జరుగుతుంది. కానీ జరపాలని ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా.)

ఇక మీటర్లు అమ్మేవాళ్ళ సంగతి. పెట్టెలో సాఫ్ట్‌వేర్ సీడీ పెట్టి పంపిస్తారు, ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే ఉండదు. ఎలాగో డ్రైవర్ ఎక్కించుకుంటే "పోర్ట్ దొరకలేదు" అంటుంది. ఫోన్ చేస్తే ఒకసారి ఆపి ఆన్ చేయండి సార్ అంటారు. కేబుల్ మాత్రం వాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన రేటుకే కొనాలి. పోనీ ఇంత రికార్డూ పెడితే సరుకు కొనేవాడు చూస్తాడా? కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూస్తాడు, రేటు కోస్తాడు, పోతాడు.

అయినా కేబులే కావాలంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఫైలు సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా, వస్తుంది, దాన్ని వెంటనే డబుల్ క్లిక్ చేసేయకండి. విండోస్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే 03/04 అన్న తేదీని మార్చి 4 అనుకుంటుంది. 13వ తేదీ నుంచి వచ్చేవేమో అసలు తేదీలే కావన్నట్టు గడిలో ఎడమవైపు అతుక్కుని ఉండిపోతాయి. సగం ఏప్రిల్ రీడింగులు వేరే వేరే నెలల్లోకి చెల్లాచెదురైన ఫైలు తెచ్చి, మీటర్ పాడైందని పోట్లాడినవాళ్ళని నేను చూశాను. రీజియన్ ఇండియాకి మార్చాకే ఫైలు తెరవండి. పుస్తకంలో చేత్తో రాసుకునేవాళ్ళకి ఈ టెన్షనే లేదు.

యూనిట్ కూడా చూసుకోండి. చాలా మీటర్లలో ఒక బటన్ నొక్కితే డీఓ లీటరుకి మిల్లీగ్రాముల నుంచి శాతంలోకి (నీళ్ళు పట్టుకోగల ఆక్సిజన్‌లో ఎంత వంతు ఉందో) మారిపోతుంది, ఎవరి చెయ్యి తగిలిందో తెలీదు. నీళ్ళు 30 డిగ్రీలున్నప్పుడు 45 శాతం అంటే మంచినీళ్ళలోనే మూడున్నర మిల్లీగ్రాములు ఉండదు, ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ. రొయ్యకి అది ఇబ్బంది పడే స్థాయి. అంకె పెద్దగా కనిపించింది కదా అని తెల్లారకముందే ఏరేటర్లు ఆపేసే మహానుభావులు మా వైపు ఉన్నారు.