డీసీ6150 టేప్ కార్ట్రిడ్జ్‌లో బెల్టు తెగిపోతే డేటా ఎలా తీయాలి?

చెన్నై గోడౌన్‌లో పది డీసీ6150 కార్ట్రిడ్జులు (పాత కంప్యూటర్ల బ్యాకప్‌కు వాడిన అయస్కాంత టేపు డబ్బాలు) దొరికాయని, మొదటిది డ్రైవులో పెట్టగానే బెల్టు తెగిందని రాశారు. మిగతా తొమ్మిదీ ఇప్పుడే పెట్టకండి. వాటి బెల్టులూ అదే వయసువి.

ఈ కార్ట్రిడ్జులో మోటారు టేపును నేరుగా లాగదు. పలచటి పాలీయురేథేన్ బెల్టు ముందున్న డ్రైవ్ రోలరును, వెనక మూలల్లోని రెండు రోలర్లను చుట్టుకుని, టేపు చుట్టలను ఒత్తుతూ తిప్పుతుంది. టేపు బిగువు కూడా దానివల్లే. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగుతుంది, పెళుసెక్కుతుంది, లేదా జిగురుగా మారి టేపుకు అంటుకుంటుంది. అలా అంటుకున్నదాన్ని గట్టిగా లాగితే డేటా నిలిచే ఆక్సైడు పూత దానితోపాటే ఊడొస్తుంది. పూర్తిగా రీవైండ్ చేసి దాచిన టేపైతే ఆ దెబ్బ డేటా లేని మొదటి అడుగుల్లోనే పడుతుంది. మధ్యలో ఆపినదైతే డేటాకే.

ముందు డ్రైవు చూడండి. అందులో కార్ట్రిడ్జు రోలరును తిప్పే రబ్బరు రోలరు బెల్లం పాకంలా అయి ఉంటే మొత్తం గీకేసి, అసలు వ్యాసానికి సరిపోయే సిలికాన్ ట్యూబు ముక్క తొడగాలి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే హీట్ ష్రింక్ ట్యూబు పొరలు పొరలుగా వేసినా నడుస్తుంది గానీ పట్టు తక్కువ. వ్యాసం మారితే వేగమూ మారుతుందని మరవకండి.

కార్ట్రిడ్జు అడుగున అల్యూమినియం పలక స్క్రూలు తీసి, రెండు భాగాలూ కలిపి పట్టుకుని తిరగేసి, పైమూత నిటారుగా ఎత్తండి. కదిలించకముందే ఫోటో తీసుకోండి. పాత బెల్టు ముక్కలన్నీ ఏరి, రోలర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మూల రోలర్లకు నూనె మాత్రం వేయొద్దు. వాటి రాపిడే టేపుకు బిగువునిస్తుంది, నూనె పడితే టేపు వదులవుతుంది. లోపలి చిన్న అద్దాన్నీ తుడవండి. టేపు చివరి రంధ్రాలను డ్రైవు దాని ద్వారానే కనిపెడుతుంది. ఈ రకంలో టేపు కొస హబ్‌కు (టేపు చుట్టుకునే ఇరుసుకు) అతికించి ఉండదు కాబట్టి, రంధ్రాలు కనబడకపోతే టేపు మొత్తం బయటికి ఊడిపోతుంది.

కొత్త బెల్టు ఎక్కడిది అంటారా? పనికిరాని డేటా ఉన్న, బెల్టు బాగున్న అదే సైజు కార్ట్రిడ్జు నుంచి తీసినదే మేలు. గోరుతో నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి. మామూలు రబ్బరు బ్యాండు వద్దు, ఒకే బిగువు ఇవ్వదు. పారదర్శక పాలీయురేథేన్ బ్యాండు ఒకటి రెండు సార్లు చదవడానికి సరిపోతుంది, అంతకుమించి ఆశించకండి.

బిగించాక డ్రైవ్ రోలరును వేలితో తిప్పుతూ కొన్ని చుట్లు అటూ ఇటూ నడిపించండి. బెల్టు అంచుకు జరుగుతుంటే మళ్లీ సర్దండి. మొదట పనికిరాని టేపుతో డ్రైవును పరీక్షించి, ఆ తర్వాత అసలుదానికి రీటెన్షన్ చేసి (బిగువు సమం కావడానికి టేపును చివరిదాకా నడిపి వెనక్కి చుట్టి), 512 బైట్ల బ్లాకుతో ముడి కాపీ, అంటే టేపు మీద ఉన్నది ఉన్నట్టుగా, తీయండి. టార్ (ఫైళ్లన్నీ ఒక్కటిగా కట్టిన మూట) విప్పడం తర్వాత హార్డ్ డిస్కు మీద చూసుకోవచ్చు. టేపు కీచుమంటే వెంటనే ఆపి, హెడ్డు తుడిచాకే మళ్లీ మొదలుపెట్టండి.