తీసేయగలిగిందే పెట్టు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. మూతపడి ఉన్న ఆ పాత భవనాన్ని కొన్ని వారాల పాటు నీ చేతికి ఇచ్చారనీ, పైఅంతస్తు హాలునే కళాకృతిగా మలిచే ఇన్‌స్టలేషన్ పెడుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో సంతోషం పట్టలేనంతగా ఉంది. నేనూ సంతోషించాను కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారాక నువ్వు పంపిన స్కెచ్ మళ్ళీ తీసి చూశాను. దూలాల నుంచి నేల దాకా వేలాడే పాత నూలు గుడ్డలు, వాటి మధ్య దీపాలు, నేల మీద నల్లటి తొట్టెలో కదలని నీళ్ళు, ఆ నీళ్ళలో పైకప్పు ప్రతిబింబం. ఎంత బాగుందో చెప్పలేను. ఇలాంటి ఊహ మన ఇంటి పిల్లకు వచ్చిందంటే నాకు గర్వం. కానీ ఆ స్కెచ్‌లో నన్ను భయపెట్టేవి కూడా ఉన్నాయి. అవి రాయకుండా ఉండలేను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. అనుమతి కాగితం చేతికి రాకుండా ఒక్క వస్తువు కూడా లోపలికి చేర్చకు. బీమా తీసుకో. తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో రాసి పెట్టుకో. ఒంటరిగా లోపలికి వెళ్ళకు.

ఏళ్ళ తరబడి మూసిన భవనంలో పావురాలూ గబ్బిలాలూ తప్పకుండా ఉంటాయి. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చకు. ఆ ధూళిలో ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్ద జబ్బే చేస్తుంది. ముందు నీళ్ళు చల్లి తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, గరిటెతో ఎత్తి సంచుల్లో కట్టించు. గబ్బిలాలు కాపురం ఉంటే వాటిని తరమకు, అటవీ శాఖ వాళ్ళను అడుగు. తలుపుల మీద పాత రంగు పెచ్చులు లేచి ఉంటే గరుకు కాగితంతో రుద్దకు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. రుద్దితే అది గాలిలో కలుస్తుంది.

ఇక నీళ్ళ తొట్టె. స్కెచ్ పక్కన పది సెంటీమీటర్ల లోతు అని రాశావు. అంత నీరు పోస్తే ఒక్కో చదరపు మీటరు మీద 100 కిలోల బరువు పడుతుంది. దాని చుట్టూ నిలబడే జనం బరువు వేరు. గుంపుగా జనం చేరే హాలుకు ఇంజనీర్లు చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోల దాకా లెక్క వేస్తారు. ఆ భవనం ఒకప్పుడు ఇంతకన్నా ఎక్కువే మోసి ఉండవచ్చు. కానీ అప్పటి దూలాలు ఇప్పటి దూలాలు కావు. చెక్క దూలం నడుమ చూస్తే రాయిలా కనిపిస్తుంది. గోడలోకి దూరిన కొన మాత్రం చెమ్మకు లోపల్లోపలే కుళ్ళిపోతుంది, అది కంటికి కనపడదు. దబ్బనం గుచ్చితే సులువుగా దిగిపోతుంది. అందుకే పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరును పిలిచి, ప్రతి దూలం కొననూ పరీక్షించి ఎంత బరువు పెట్టవచ్చో కాగితం మీద రాసి ఇమ్మను. నోటి మాట చాలదు.

నన్నడిగితే అసలు అంత లోతు ఎందుకు? అడుగు నల్లగా ఉంటే రెండు సెంటీమీటర్ల నీటిలో కూడా అదే ప్రతిబింబం కనిపిస్తుంది. బరువు అయిదో వంతుకు తగ్గుతుంది. తొట్టె కారినా కింది కప్పు మీదికి దిగే నీళ్ళు తక్కువ. ఇంకా మంచిది, దాన్ని కింది అంతస్తుకు మార్చు. నీ ఊహను తగ్గించమని నేను ఎప్పుడూ అనను, బరువును తగ్గించమంటున్నాను.

ఇప్పుడు గోడల సంగతి. ఇది నిదానంగా చదువు. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నదే దీని కోసం.

నేను చిన్నవాడిగా ఉన్నప్పుడు ప్రదర్శనలు కట్టే ఒక బృందంలో పని చేశానని నీకు తెలుసు. మా బృందానికి పెద్దగా ఉన్న ఆయన గొప్ప కళాకారుడు. నీడలతో పని చేసేవాడు. ఒకసారి మాకు పాత గిడ్డంగి ఒకటి దొరికింది. ఇటుక గోడలు, వాటి మీద సున్నపు గార. ఒక గోడ పొడుగునా అక్కడ పని చేసిన గుమాస్తాలు ఎప్పుడో రాసుకున్న లెక్కలు ఉండేవి. బస్తాల గీతలు, కూలీల పేర్లు, ఎవరో సరదాకి వేసిన కొంగ బొమ్మ. మసితోనూ ఎర్రమట్టితోనూ రాసినవి. మేము ఆ గిడ్డంగిని ఎంచుకున్నదే ఆ గోడ కోసం. దాని ముందు మనుషుల నీడలు కదిలితే ఆ పేర్ల వాళ్ళే తిరిగి వచ్చినట్టు ఉంటుందని ఆయన అనేవాడు.

ఆ రాతలకు కింద, నేల నుంచి మోకాలెత్తు దాకా, గార పొడిపొడిగా రాలిపోతూ ఉండేది. దీపం వేస్తే అక్కడ నీడ విరిగిపోయేది. ప్రారంభానికి వారం కూడా లేదు. ఆయన సిమెంటు తెప్పించి ఆ భాగమంతా నున్నగా పూయించాడు. పూసిన తాపీ మేస్త్రీ వయసు మళ్ళినవాడు. "అయ్యా, సున్నం గోడకు సిమెంటు పెడితే చెమ్మ పోయే దారి ఉండదు, పైకి ఎక్కుతుంది" అని మొదటి రోజే చెప్పాడు. మేమంతా విన్నాం. సున్నం పూస్తే ఆరడానికి వారాలు పడుతుంది, అంత సమయం లేదు అన్నాడు ఆయన. ప్రదర్శన అద్భుతంగా జరిగింది. చూసిన వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ముగిశాక దీపాలు, తెరలు తీసేశాం, సిమెంటు అలాగే ఉండిపోయింది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు.

వానాకాలం వచ్చి పోయింది. మళ్ళీ వెళ్ళి చూస్తే ఆ మేస్త్రీ చెప్పినట్టే అయింది. నేలలోంచి గోడలోకి పాకే నీరు అంతకు ముందు మోకాలెత్తులోనే బయటికి ఆవిరయ్యేది. ఆ గార రాలుతున్నది అందుకే. తాను రాలుతూ మిగతా గోడను కాపాడుతోంది. సిమెంటు ఆ దారి మూసేసరికి నీరు ఇంకా పైకి ఎక్కింది. నీటితో పాటు ఉప్పూ ఎక్కింది. రాతలున్న చోట గార వెనక ఆ ఉప్పు గడ్డకట్టి, గారను లోపలి నుంచి తోసేసింది. పేర్లన్నీ నేల మీద పొడిగా పడి ఉన్నాయి. కొంగ మెడ ఒక్కటే గోడ మీద మిగిలింది. సిమెంటు తీసేద్దామని ఉలి పెడితే ఇటుకల ముఖాలు దానితో పాటే ఊడి వచ్చాయి, అవి సిమెంటు కన్నా మెత్తన కదా. ఆయన ఆ పొడి ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఎన్నో ప్రదర్శనలు చేశాడు కానీ ఆ నీడల పని గురించి ఎవరు పొగిడినా లేచి వెళ్ళిపోయేవాడు.

అమ్మడూ, ఆయన నిర్లక్ష్యపు మనిషి కాడు. ఆ గోడను మా అందరికన్నా ఎక్కువగా ప్రేమించాడు. తొందరలో ఉన్నాడు, అంతే. నీకూ తొందర వస్తుంది. ప్రారంభానికి నాలుగు రోజులుందనగా ఎవరో ఒకరు వచ్చి "ఇక్కడ కాస్త పూసేద్దాం, అక్కడ ఒక చిల్లు వేద్దాం" అంటారు. అప్పుడు వాళ్ళను ఒకే ప్రశ్న అడుగు: దీన్ని మళ్ళీ తీయగలమా? తీస్తే గోడ ముందున్నట్టే ఉంటుందా? కాదంటే అది పెట్టకు. రాలుతున్న గోడ రాలనీ. దాని ముందు ఒక చెక్క చట్రం నిలబెట్టి నీకు కావలసిన తెర కట్టుకో. గోడకూ చట్రానికీ మధ్య చేయి పట్టేంత ఖాళీ ఉంచు, గాలి ఆడాలి. హాలు తడిగా ఉందని హీటర్లు, పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టించకు. వేగంగా ఆరే గోడలో ఉప్పు అంతే వేగంగా గడ్డకడుతుంది. పనికి పది రోజుల ముందు నుంచే కిటికీలు కొద్దికొద్దిగా తెరిపించు. రెండువైపులా అంటుకునే టేపు గోడ దరిదాపులకు రానివ్వకు, సున్నాన్ని పొరలతో సహా లాక్కొస్తుంది.

నువ్వు వాదిస్తావని తెలుసు. లండన్‌లో ఒకప్పటి విద్యుత్ కేంద్రమైన టేట్ మోడర్న్ కళా ప్రదర్శనశాలలో డోరిస్ సాల్సెడో అనే కళాకారిణి 2007లో నేలనే 167 మీటర్ల పొడవున చీల్చింది కదా, పూడ్చాక ఆ మచ్చ ఈనాటికీ కనిపిస్తోంది కదా అంటావు. నిజమే. ఆ మచ్చ ఉండిపోతుందని ఆమెకూ తెలుసు, ఆ భవనం నడిపేవాళ్ళకూ తెలుసు, అందరూ ఒప్పుకుని చేశారు. పైగా అది కాంక్రీటు నేల, పగలగొట్టి మళ్ళీ పోయగలిగింది. మసితో రాసిన కూలీ పేరును మళ్ళీ ఎవరు రాస్తారు? ఆస్ట్రేలియాలో 1979లో రాసుకున్న బుర్రా చార్టర్ అనే నియమావళి పాత కట్టడాల విషయంలో అవసరమైనంతే మార్చండి, వీలైనంత తక్కువ మార్చండి అంటుంది. ఆ మాట నీ పని గది గోడ మీద రాసి పెట్టుకో.

గుడ్డలు ఎలా వేలాడదీస్తావని అడుగుతావు. దూలాలకు మేకు కొట్టకుండా, చుట్టూ దళసరి గుడ్డ చుట్టి దాని మీద వెడల్పాటి పట్టీలు వేసి కట్టు. సన్నటి తాడు చెక్కను కోస్తుంది. దూలం బలహీనమని ఇంజనీరు చెబితే నేల మీద నిలబడే ఇనుప చట్రం చేయించు, కాళ్ళ కింద రబ్బరు పలకలు వేయించు. క్రిస్టో, జాన్-క్లోడ్ అనే కళాకార దంపతులు 1995లో బెర్లిన్‌లో రైష్‌టాగ్ అనే పార్లమెంటు భవనాన్ని లక్ష చదరపు మీటర్లకు పైగా గుడ్డతో కప్పినప్పుడు విగ్రహాల మీదా గోపురాల మీదా ముందు ఉక్కు చట్రాలు పెట్టారు. గుడ్డ ఆ చట్రాల మీద నుంచి జారింది. రెండు వారాలు ఉంచి అంతా తీసేశారు. ఆ రెండు వారాల కోసం వాళ్ళు 1971 నుంచి తిరిగారు. అనుమతి ఆలస్యమైందని మొన్న మీ నాన్న దగ్గర విసుక్కున్నావట. విసుక్కోకు.

గుడ్డ, దీపం పక్కపక్కనే గీశావు. అది చూసి నా గుండె ఆగినంత పనైంది. 1992 నవంబరు 20న ఇంగ్లండ్‌లో రాజకుటుంబం ఉండే విండ్సర్ కోటలో ఒక స్పాట్‌లైటు వేడికి తెర అంటుకుంది. వందకు పైగా గదులు దెబ్బతిన్నాయి, బాగు చేయడానికి అయిదేళ్ళు పట్టింది. అంత కాపలా ఉన్న చోటే అలా జరిగితే నీ హాలులో ఎవరున్నారు? ఎల్‌ఈడీ దీపాలే వాడు, వాటినీ గుడ్డకు మీటరు దూరంలో ఉంచు, గుడ్డలకు మంట అంటని మందు పట్టించు. పాత వైరింగును ముట్టుకోనే వద్దు, కొత్తగా తాత్కాలిక లైను లాగించి షాకు కొట్టకుండా ఆపే స్విచ్ పెట్టించు. నీళ్ళున్న గది అది, మర్చిపోకు. రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు మెయిన్ నీ చేత్తోనే ఆపు.

2016 డిసెంబరులో అమెరికాలోని ఓక్లండ్‌లో కళాకారులు ఉండే ఒక పాత గిడ్డంగిలో మంటలు లేచి 36 మంది చనిపోయారు. పైఅంతస్తు నుంచి దిగడానికి వాళ్ళకు సరైన దారి లేదు. నీ ఇన్‌స్టలేషన్ కూడా పైఅంతస్తులోనే. రెండో మెట్ల దారి తెరుచుకోకపోతే జనాన్ని పైకి ఎక్కించకు, ఎవరు ఎంత బతిమాలినా సరే. ఒకేసారి ఎంతమంది ఉండాలో ఇంజనీరు చెప్పిన సంఖ్య తలుపు దగ్గర రాసి పెట్టి, లెక్కపెట్టే మనిషిని నిలబెట్టు. ఇక్కడ నేను కోపంగా రాస్తున్నానని అనుకుంటావేమో. కోపం కాదు తల్లీ. నువ్వు చిన్నప్పుడు నా పరంజా కింద ఆడుకునే దానివి. అప్పుడు కూడా నేను పని ఆపి నీ వంకే చూస్తూ ఉండేవాణ్ణి.

ఏమీ లోపలికి చేర్చకముందే ప్రతి గోడకూ, ప్రతి మూలకూ, ప్రతి బీటకూ తేదీతో ఫోటో తియ్యి. బీట పక్కన స్కేలు పెట్టి తియ్యి. వారం వారం అదే చోట నిలబడి మళ్ళీ తియ్యి, పెరుగుతోందో లేదో తెలుస్తుంది. పెరిగితే ఆ రోజే జనాన్ని ఆపి ఇంజనీరుకు ఫోను చెయ్యి. భవనం యజమానితో కలిసి తిరిగి ఆ ఫోటోల మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

చివరగా, తీసేసే పని. ప్రారంభానికి ముప్పై మంది స్నేహితులు వస్తారు, తీసేసే రోజుకు ముగ్గురు మిగులుతారు. ఉన్నవాళ్ళు అలిసిపోయి ఉంటారు, డబ్బు అయిపోయి ఉంటుంది, వాహనం బయట ఎదురు చూస్తూ ఉంటుంది. గోడలు గీసుకుపోయేదీ, నిచ్చెనలు జారేదీ అప్పుడే. కాబట్టి ఇప్పుడే ఆ డబ్బు విడిగా తీసి పెట్టు, ఏం జరిగినా దాన్ని ముట్టుకోకు. పెట్టడానికి ఎన్ని రోజులు పడితే తీయడానికీ అన్ని రోజులు అడుగు. ముందు నీళ్ళు తోడించు, తర్వాత దీపాలు, ఆ తర్వాత గుడ్డలు, ఆఖరున చట్రాలు.

తీసే వారం నేను వస్తాను. మెట్లెక్కి పైకి రాలేకపోయినా కింద కుర్చీ వేసుకుని, ఏది బయటికి వచ్చిందో ఏది ఇంకా లోపలే ఉందో జాబితా చూసి టిక్కులు పెడతాను. ఆ పని నాకు వదిలేయ్. ఈలోగా దూలాల కొనల గురించి ఇంజనీరు రాసిచ్చిన కాగితాన్ని ఫోటో తీసి ఈ వారంలోనే పంపు. తొట్టె లోతు ఎంతకు తగ్గించావో కూడా రాయి.

నీ పెదనాన్న