కొండ దిగే ముందు నీ కారు బ్రేకుల సంగతి

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రాసిన రెండు ఇబ్బందులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. పొద్దున బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని, ఆ తర్వాత వినిపించకుండా పోయే చప్పుడు తుప్పుది. డిస్కు, అంటే చక్రంతో పాటు తిరిగే బిళ్ల, పోత ఇనుము. రాత్రి మంచుకో వానకో దాని మీద పలచగా తుప్పు పడుతుంది, బ్రేకు వేసినప్పుడు డిస్కును రెండు వైపులా నొక్కే ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి. దాన్ని వదిలెయ్. 80 దాటాక బ్రేకు వేస్తే పెడల్ కాలి కింద కొట్టుకోవడం, స్టీరింగ్ వణకడం మాత్రం వదిలేసేది కాదు. నానమ్మనీ అమ్మానాన్ననీ ఎక్కించుకుని తిరుమల వెళ్తానంటున్నావు కాబట్టి, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే దీన్ని తేల్చుకో. అంత ముందుగా ఎందుకో కింద చెప్తాను.

డిస్కు మందం చుట్టూతా ఒకేలా లేకపోతే పెడల్ కొట్టుకుంటుంది. ఆ తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉన్నా కాలికి తెలిసిపోతుంది. గ్యారేజీకి వెళ్లగానే "డిస్కు బెండయింది, కొత్తవి వేద్దాం" అంటారు. నిజానికి డిస్కు వంగిపోవడం అరుదు. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, బాగా కాలిన బ్రేకు మీద కాలు నొక్కి పెట్టి బండిని అలాగే నిలబెడితే, ప్యాడ్ మెటీరియల్ డిస్కుకు ఒకచోట మచ్చలా అంటుకుంటుంది. లేదా డిస్కు వెనక, దాన్ని బిగించే హబ్ మీద తుప్పు పేరుకుని డిస్కు కాస్త పక్కకు కూర్చుంటుంది. లేదా పంక్చర్ షాపులో గన్‌తో వీల్ బోల్టులు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించి ఉంటారు. అందుకని డిస్కు విప్పించి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేయించి, తిరిగి బిగించాక డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊగుతోందేమో చూడమను. అప్పటికీ ఊగుతుంటే లేత్ మీద ఫేసింగ్, అంటే పైపొర చెక్కి సమం చేయడం, చేయించవచ్చు. డిస్కు అంచునో మధ్య భాగంలోనో కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. ఫేసింగ్ తర్వాత అంతకంటే తగ్గేటట్టయితే మాత్రం కొత్తవి కొను, కుడి ఎడమ రెండూ కలిపి. వీల్ బోల్టులు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు బిగించాలి. చిన్న కార్లకు అది దాదాపు 100 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది.

స్టీరింగ్ వణుకుతోందంటే తప్పు ముందు చక్రాల్లోనే ఉండాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు కింద మాత్రమే తెలిస్తే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులను అనుమానించాలి.

చక్రాలు ఎలాగూ విప్పుతారు కాబట్టి ప్యాడ్లు దగ్గరుండి చూడు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి వచ్చిందంటే మార్చెయ్యాలి. చక్రం సందుల్లోంచి ఫోన్ టార్చి వేస్తే బయటి ప్యాడ్ కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. ముందుగా అరిగేది తరచుగా ఆ లోపలిదే. బయటిది మందంగా, లోపలిది పలచగా ఉంటే, లేదా ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగి ఉంటే, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నులు పట్టేశాయని అర్థం. ప్యాడ్లు ఒక్కటే మార్చి పంపితే మళ్లీ అదే జరుగుతుంది. పిన్నులు తీసి, తుడిచి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. విప్పిన క్యాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడదీస్తున్నారేమో కూడా చూసుకో. తీగతో స్ప్రింగుకు కట్టించాలి, లేకపోతే గొట్టం లోపల చిట్లుతుంది.

వెనక డ్రమ్ములు తెరవకుండానే "అంతా బాగుంది మేడం" అనేవాళ్లు ఎక్కువ. నువ్వు ఎదురుగా నిలబడి తెరిపించు. వీల్ సిలిండర్ రబ్బరు టోపీని స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తితే లోపల తడి కనిపించకూడదు. తడి ఉంటే ఆ సిలిండర్ మార్చాలి, ఆయిల్ తగిలిన షూలు (డ్రమ్ముకు లోపలి నుంచి రాసుకునే పట్టీలు) కూడా మార్చాలి. డ్రమ్ములోని దుమ్మును గాలి పెట్టి ఊదనివ్వకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలు. హ్యాండ్‌బ్రేక్ వదులైతే ముందు షూలను డ్రమ్ము దగ్గర సరిచేయించి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి.

ఇక బ్రేక్ ఆయిల్. దీని మీదే నాకు ఎక్కువ దిగులు, ఎందుకంటే పాత కారు కొన్నవాళ్లెవరూ దీని సంగతి అడగరు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరిందంటే 155 దగ్గరే మరగవచ్చు. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. ఘాట్‌లో క్యాలిపర్ వేడెక్కి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అందుకే అప్పటిదాకా గట్టిగా ఉన్న పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఈ లోపం ఎక్కడా బయటపడదు. రెండేళ్లకోసారి మొత్తం ఆయిల్ మార్చాలి. నీ కారుకు ఎప్పుడు మార్చారో బిల్లు లేదు కనుక ఇప్పుడే మార్పించు. ఏ రకమో బానెట్ కింద బండి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది. డాట్ 5 సిలికాన్ ఆయిల్, వీటితో కలపకూడదు. సీలు తీసి నెలల తరబడి షాపులో పెట్టిన సీసా వద్దు, నీ కళ్లముందు తెరిచింది పోయించు. ఒక లీటరు సరిపోతుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడిగెయ్.

ఆయిల్ మార్చాక గొట్టాల్లో చేరిన గాలి తీసే వరస మాన్యువల్ ప్రకారం. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు, మన కుడి స్టీరింగ్ బండ్లలో అది వెనక ఎడమది. ఒకరు పెడల్ నెమ్మదిగా నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ పావు చుట్టు తిప్పి, ఆయిల్ కారాక బిగించాలి, బిగించాకే పెడల్ వదలాలి. పాత బండి కాబట్టి పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టించు. పెడల్ పూర్తిగా నేలకు తొక్కితే, మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ తిరగని చోట తుప్పు అంచులు సీళ్లను కోసేస్తాయి.

డబ్బాలో మట్టం తగ్గితే గుడ్డిగా నింపొద్దు. ప్యాడ్లు అరిగినకొద్దీ అది దానంతటదే తగ్గుతుంది. ప్యాడ్లు బాగానే ఉండి తగ్గితే ఎక్కడో కారుతోంది.

పెడల్ ఏం చెబుతోందో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు కొడితే పైకి లేస్తే గాలి చేరింది, లేదా వెనక షూలు దూరమయ్యాయి. ఒకే బలంతో నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయింది, లేదా ఎక్కడో ఆయిల్ కారుతోంది. ఆ బండిని నడపొద్దు, టో చేయించు. రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో నీ కాలి బలాన్ని పెంచేది) చూడాలి. ఇంజన్ ఆపి పెడల్ ఐదుసార్లు కొట్టి, కాలు నొక్కి ఉంచి స్టార్ట్ చెయ్. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ గొట్టమో బూస్టరో పోయినట్టే.

రెండు వారాలు ముందు అన్నది కొత్త ప్యాడ్ల కోసం. వేసిన రోజే అవి పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి, మధ్యస్థంగా నొక్కుతూ ఒక పదిసార్లు తగ్గించు. పూర్తిగా ఆపకు. ప్రతిసారీ మధ్యలో అర కిలోమీటరు నడిపి చల్లారనివ్వు. ఆ తర్వాత 200, 300 కిలోమీటర్లు ఊళ్లో నెమ్మదిగా తిప్పితే ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి కుదురుకుంటాయి. అవి కుదరకుండా ఘాట్ ఎక్కొద్దు.

ఇప్పుడు నీ కాలి సంగతి. బ్రేకును నిమ్మకాయ పిండినట్టు నొక్కాలి. మొదట తేలిగ్గా, ప్యాడ్లు తగిలాక పెంచుతూ, బండి ఆగిపోయే చివరి మీటరులో పట్టు సగానికి వదలాలి. ఆ చివరి వదలడమే రానివాళ్లు చాలామంది. వెనక సీటులో నానమ్మ తల ముందుకు ఊగి వెనక్కి కొట్టుకోకుండా బండి ఆగిందంటే నీకు వచ్చినట్టే. మడమ నేలకు ఆనించి ఉంచు. జారే చెప్పులు వద్దు. నీళ్ల సీసా డ్రైవర్ సీటు కిందికి ఎప్పుడూ పోనివ్వకు, పెడల్ కింద ఇరుక్కుంటే ఎంత మంచి బ్రేకులున్నా పని చేయవు.

క్లచ్, బ్రేకు ఒకేసారి తొక్కే అలవాటు మానుకో. ముందు యాక్సిలరేటర్ వదులు, ఇంజనే కొంత వేగం తగ్గిస్తుంది. తర్వాత బ్రేకు. ఇంజన్ ఊగబోయే ముందు మాత్రమే క్లచ్. పల్లంలో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినకు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే తాగుతూనే ఉంటాయి. ఇంజన్ ఆపేయడం ఇంకా ప్రమాదం. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది.

60 వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతావు, 100లో 28. కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఆ దూరం అయిపోతుంది. ముందు బండి దాటిన స్తంభాన్ని నువ్వు మూడు సెకన్ల తర్వాత దాటేలా ఉండు, వానలో ఆరు. నిజంగా అత్యవసరమైతే ఇవన్నీ వదిలి, బ్రేకూ క్లచ్చూ పూర్తిగా తొక్కి పట్టుకో. కీ తిప్పగానే డ్యాష్ మీద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) దీపం వెలిగి ఆరితే నీ బండికి అది ఉన్నట్టే. అది ఉంటే గట్టిగా తొక్కినప్పుడు పెడల్ దడదడలాడుతుంది, భయపడి వదలకు. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి కనుక స్టీరింగ్ తిప్పి తప్పించుకోవచ్చు.

తిరుమల నుంచి కిందికి వచ్చేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, దాదాపు 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. లెక్క వేస్తే, ఆ దిగుడు మొత్తం బ్రేకుతోనే దిగితే 100 వేగంలో ఉన్న బండిని 18 సార్లు ఆపినంత వేడి పుడుతుంది, చల్లారే వ్యవధి లేకుండా. దేవస్థానం దిగడానికి కనీసం 40 నిమిషాలు పెట్టింది, అంటే సగటున 28 వేగం. రెండో గేరులో దిగు, నిటారు మలుపుల్లో మొదటిది. ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ నడపాల్సి వస్తే ఎల్ గానీ మాన్యువల్ గానీ పెట్టుకో, డీలో వదలకు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు. వేగం 30 దాటితే కాస్త గట్టిగా నొక్కి 20కి దించి పూర్తిగా వదిలెయ్. ఆ వదిలిన క్షణాల్లోనే డిస్కుకు గాలి తగులుతుంది. మలుపుకు ముందే తగ్గించు, తిప్పేటప్పుడు కాదు.

మాడు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, వెడల్పైన చోట పక్కకు తీసి అరగంట ఆగు. నీళ్లు పోయకు, డిస్కు పగులుతుంది. ఆపేలోపే పెడల్ దిగిపోతే వేగంగా పంపు చెయ్, గేరు తగ్గించు, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగు. అవసరమైతే కొండ వైపు గోడకు రాసుకుంటూ ఆపు. లోయ వైపు మాత్రం వద్దు.

అలిపిరి చేరాక వెంటనే హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, వేడి డ్రమ్ములో షూలు పట్టేస్తాయి. ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిపి, చదునుగా ఉన్న చోట ఆపి, గేరులో వేసి చక్రానికి రాయి పెట్టు. తర్వాత ఒక్కో చక్రం దగ్గరికి వెళ్లి, తాకకుండా జానెడు దూరంలో అరచేయి పెట్టి చూడు. ఎడమ, కుడి రెండూ ఒకేలా వేడిగా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువ కాలుతుంటే దాని క్యాలిపరో గొట్టమో పట్టేస్తోంది. అది ఏ చక్రమో ఫోన్‌లో రాసుకుని, హైదరాబాద్ రోడ్డు ఎక్కకముందే తిరుపతిలోనే చూపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న