బెంగళూరు కొత్తగా వచ్చినవాళ్ళకి: మ్యాచ్‌ల కోసం ఏడాది డబ్బులు ముందే కట్టకండి

తమ్ముడూ, మారతహళ్ళిలో నలుగురం ఇల్లు తీసుకున్నాం, ఐపీఎల్‌కి డిష్ పెట్టించుకోమంటారా యాప్ సరిపోతుందా అని అడిగావు కదా. ఏదైనా తీసుకో గానీ ఏడాదికి సరిపడా ముందే కట్టకు. జీతం పడగానే చెయ్యి ఊరుకోదు, మీ వయసులో అందరికీ ఉండేదే.

నేను పీజీలోంచి బయటపడి మొదటిసారి ఇల్లు తీసుకున్నది 2022లో. ఏడాది రీచార్జ్ చేస్తే ఒక నెల ఫ్రీ సార్ అన్నాడు షాపువాడు, కట్టేశాను. తీరా పెట్టాక చూస్తే బేస్ ప్యాక్‌లో కన్నడ స్పోర్ట్స్ ఛానెలే ఉంది, తెలుగు కామెంటరీకి మళ్ళీ విడిగా డబ్బులు. (ఛానెల్ విడిగా తీసుకునే రూల్‌ని టీవీ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2019లోనే అమల్లోకి తెచ్చింది, రేట్లు చూసుకుంటే తెలిసిపోతాయి.) ఓనర్ ఆంటీ మేడ మీద డ్రిల్లింగ్ వద్దంటే డిష్ కింద ఇటుకలు పెట్టాం, ఏప్రిల్‌లో సాయంత్రం గాలివాన వస్తే అది పక్కకి తిరిగిపోయేది, నేను పైన తిప్పుతుంటే కింద నుంచి మా ఆవిడ "బొమ్మ వచ్చింది, వచ్చింది, ఆఁ పోయింది" అని అరిచేది. ఇంత చేస్తే ఆ 2023 ఐపీఎల్ మొత్తం జియోసినిమా యాప్‌లో ఫ్రీగా ఇచ్చారు!

ఎందుకలా అంటే 2022 జూన్ వేలంలో 2027 దాకా మన దేశంలో ఐపీఎల్ టీవీ హక్కులు 23,575 కోట్లకి స్టార్‌కి పోయాయి, ఇంచుమించు అంత డబ్బూ పోసి డిజిటల్ హక్కులు జియోసినిమా నడిపే వయాకామ్18 కొనుక్కుంది, జనాన్ని ఫోన్‌లోకి లాగడానికి ఫ్రీగా చూపించింది. ఇక ఎప్పటికీ ఫ్రీయే అనుకుని నేను డిష్ తీసేశా. 2024 నవంబర్‌లో స్టార్, వయాకామ్18 రెండూ కలిసిపోయాయి, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది, ఆ ఐపీఎల్‌కి డబ్బులు అడిగారు. అందుకే అంటున్నా, ఈ హక్కులు ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటాయో చూసుకునే డబ్బు తియ్యాలి. 2025లో ఇండియా ఇంగ్లండ్ వెళ్తే టీవీలో సోనీ, ఫోన్‌లో జియోహాట్‌స్టార్. ఏడాది ముందు కట్టినవాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి చెప్పు?

నేనిప్పుడు సీజన్‌కి మాత్రమే కడతా, అది కూడా ముందు ఫోన్ రీచార్జ్‌తోనో బ్రాడ్‌బ్యాండ్‌తోనో వస్తుందేమో చూసి. 2025లో 299, ఆపైన జియో రీచార్జ్‌కి జియోహాట్‌స్టార్ 90 రోజులు ఇచ్చారు, నా ఫ్రెండ్స్ చాలామంది అది చూసుకోకుండా విడిగా కట్టారు. చవగ్గా ఉందని మొబైల్ ప్లాన్ తీసుకోకు, అది ఒక్క ఫోన్‌కే, మీరు నలుగురు కదా, టీవీలో వచ్చే ప్లాన్ తీసుకుని పంచుకుంటే మనిషికి టీ ఖర్చు. ఫోన్‌లో కొన్ని సెకన్లు లేటు వస్తుంది, పక్కింట్లో కేబుల్ ఉంటే సిక్సర్ వాళ్ళ అరుపులోనే తెలిసిపోతుంది, దానికి బాధపడి డిష్ కొనేయకు. ఇండియా ఆడే వన్డేలు, టీ20లు చాలంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, బాక్స్ ఒక్కసారి కొంటే నెలనెలా కట్టేదేం లేదు, ఐపీఎల్‌కి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకోటి, కట్టిన రోజే ఆటోపే తీసెయ్. తర్వాత తీద్దాంలే అనుకుంటే ఫైనల్ అయిపోయాక కూడా డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి, మా ఆఫీసులో ముగ్గురికి అలాగే పోయాయి.