సిపాయి ఇంటి ఉత్తరాలు: అండమాన్‌ సమావేశానికి వెళ్లనా, వద్దా?

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారాలండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా ఆయన ఆర్టిలరీలో హవల్దారుగా రిటైరయ్యారు. 58 ఏళ్లకే గుండెపోటుతో పోయారు, నాలుగేళ్లవుతోంది. మా మాజీ సైనికుల కుటుంబాల సంఘం జాతీయ సమావేశం ఈసారి అండమాన్‌లోనట. జిల్లా నుంచి వెళ్లే ఆడవాళ్లలో నా పేరు కూడా రాశారు. మా అబ్బాయేమో "పింఛను నెలనెలా పడుతూనే ఉంది కదా, సముద్రం దాటి ఎందుకమ్మా" అంటున్నాడు. ఊళ్లో వాళ్లయితే మొగుడు పోయాక ఈ షికార్లేంటని ముఖం మీదే అంటున్నారండి. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: వెళ్లండి చెల్లెమ్మా. ఊళ్లో వాళ్లకు జవాబు మీరు చెప్పక్కర్లేదు, నేను చెబుతాను. సెలవు అయిపోయి ఆయన బండెక్కిన ప్రతిసారీ పిల్లల్నీ, అత్తమామల్నీ, కోతల్నీ, నూర్పుల్నీ ఒంటిచేత్తో చూసుకున్నారు మీరు. అప్పుడు "ఒక్కదానివే ఎలా నెట్టుకొస్తున్నావమ్మా" అని అడిగినవాళ్లు ఎందరు? ఇప్పుడు నాలుగు రోజులు మీలాంటి వాళ్ల మధ్య కూర్చుంటానంటే షికారైపోయిందా?

మీ అబ్బాయిది వేరే. వాడికి అమ్మ మీద బెంగ. అయితే పింఛను పడుతోందన్నాడు చూశారూ, ఎంత పడుతోందో ఎప్పుడైనా చూశాడా? ఆయన రిటైరయ్యాక పోయారు కాబట్టి, పోయిన నాటి నుంచి ఏడేళ్లు గానీ, ఆయనకు 67 నిండే తేదీ వరకు గానీ, ఏది ముందొస్తే అంతవరకు మీకు పెంచిన రేటు రావాలి. మీ విషయంలో ముందొచ్చేది ఏడేళ్లే. పెంచిన రేటంటే ఆఖరి జీతంలో సగం, ఆయన తీసుకున్న పింఛనుకు మించకుండా. మామూలు రేటైతే 30 శాతమే. అంటే ఇంకో మూడేళ్లు పెద్ద రేటు మీ హక్కు. మీ అబ్బాయినే కూర్చోబెట్టి సైనిక పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో పింఛను స్లిప్పు తీయించండి. మామూలు రేటే పడుతుంటే ఆ కాగితం సమావేశానికి తీసుకెళ్లండి.

ఎందుకంటే అక్కడ అసలు పని జరిగేది వేదిక మీద కాదు. శాలువాలు, తీర్మానాలు వాటి పాటికి అవి నడుస్తాయి. హాలు బయట వరండాలో బల్లలు వేసుకుని రికార్డుల సంగతి తెలిసిన పెద్దలు కూర్చుంటారు. ఓ ఏడాది అలాంటి బల్ల దగ్గర నా ముందు గఢ్వాల్‌ నుంచి వచ్చినావిడ నిలబడింది. డిశ్చార్జి బుక్కును పాలకవర్లో చుట్టి, పైన తెల్లదారం కట్టి తెచ్చుకుంది. సుబేదారు గారొకాయన కళ్లజోడు సర్దుకుని, భార్య పేరు రాసే గడి మీద గోరు ఆనించి ఆగిపోయారు. అందులో ఉన్న పేరు వేరు, ఆధార్‌లో పేరు వేరు. పింఛను ఆగిపోయింది అందుకేనని అప్పటిదాకా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అర్జీ అక్కడికక్కడే రాయించాం. క్వార్టర్స్‌లో ఉండగా నేర్చుకున్న నా హిందీ ఆ రోజు అక్కరకొచ్చింది. ఇప్పటికీ దీపావళికి ఆవిడ ఫోన్‌ చేస్తుంది.

మన తెలుగింటి ఆడవాళ్లకి ఈ తిప్పలు మరీ ఎక్కువ. పెళ్లయ్యాక భార్య పేరు సైన్యం రికార్డులో ఎక్కించిన ఉత్తర్వులో, అదే పార్ట్‌ టూ ఆర్డర్లో, సత్యవతి, ఆధార్‌లో పుట్టింటి పేరుతో వెంకట సత్యవతి, బ్యాంకు పుస్తకంలో అత్తింటి పేరుతో ఇంకొకటి. మీవీ ఓసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించాల్సింది నాసిక్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌ ద్వారా. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లూ అర్జీ పంపడానికి సాయం చేస్తారు. డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను మంజూరు కాగితం), ఆధార్‌, పాస్‌బుక్కు జెరాక్సులు పట్టుకెళ్లండి. గుర్తింపు కార్డు తప్ప ఒరిజినల్స్‌ ఇంట్లోనే ఉంచండి.

ఇక ప్రయాణం. ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ, సామర్లకోటలో రైలెక్కితే విశాఖ. అక్కణ్ణుంచి ఓడ ఉంటుంది గానీ దాదాపు నెలకొకటే, సముద్రం మీద రెండు రోజుల పైమాటే. సమావేశం తేదీకి ఓడ కుదిరిందో లేదో సంఘం వాళ్లనే అడగండి. తొలిసారి వెళ్తున్నారు కాబట్టి నా మాటగా చెన్నై నుంచి విమానమే మేలు, రెండు గంటల చిల్లరలో దిగుతారు. నవంబరులో అయితే తుపాను కబురు చూసుకునే బయల్దేరండి. 1996 చూసిన కోనసీమవాళ్లకి నేను వేరే చెప్పాలా? అక్కడ చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది, చూడదల్చినవి పొద్దున్నే చూడాలి. పోర్ట్‌బ్లెయిర్‌ పేరు 2024లో శ్రీవిజయపురమని మార్చారు, టికెట్టు మీద ఏ పేరున్నా కంగారు పడొద్దు.

సెల్యులార్‌ జైలు తప్పకుండా చూడండి. ఆ జైలు భవనానికున్న ఏడు కొమ్మల్లో (వింగుల్లో) మిగిలినవి మూడే. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరను పెట్టింది అక్కడే, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఉన్నదీ అక్కడే. ఇంకో సంగతి, ఇది మీ ఊరివాళ్లకి కూడా చెప్పండి. 2023 జనవరి 23న అక్కడి 21 పేరులేని దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. వాటిలో పెద్దదానికి ఆ పతకం తొలి గ్రహీత మేజర్‌ సోమనాథ్‌ శర్మ పేరు పెట్టారు. ఆ 21 మందిలో 14 మందికి ఆ పతకం చనిపోయాకే వచ్చింది. వాళ్లలో కొందరి ఇళ్లలోనూ మీలాంటి ఆడవాళ్లే పిల్లల్ని పెంచారు. సిపాయి ఇల్లాలు ఆ నేల మీద అడుగు పెట్టడం షికారు కాదమ్మా.

నవంబరులో లైఫ్‌ సర్టిఫికెట్‌ మాత్రం బయల్దేరేలోపే ఇచ్చేయండి.

ప్రశ్న: అమ్మమ్మ గారూ, మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదట. ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందా?
– పాలకొల్లు కుర్రాడు

జవాబు: ఉండే అవకాశం బాగా ఉంది నాయనా. కామన్వెల్త్‌ వార్‌ గ్రేవ్స్‌ కమిషన్‌ వెబ్‌సైట్లో డబ్బు కట్టకుండా వెతకొచ్చు. సమాధి దొరకనివాళ్ల పేర్లు, దాదాపు 27,000, బర్మాలో తౌక్కియాన్‌ దగ్గర రంగూన్‌ మెమోరియల్‌ మీద చెక్కారు. పేరుతో దొరక్కపోతే ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి పెట్టి చూడు. ఇంగ్లిషు అక్షరాలు వాళ్లకి తోచినట్టు రాసుకున్నారు. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా నమోదై ఉంటాయి కాబట్టి వెస్ట్‌ గోదావరి అని కొట్టి కూడా వెతుకు. అప్పటికీ దొరక్కపోతే ఆయన రెజిమెంటేదో ఇంట్లో పెద్దల్ని అడిగి మళ్లీ రాయి, కలిసి వెతుకుదాం.