చాకలి పద్దు పుస్తకం

కొత్తపేట,
గుంటూరు.

తల్లీ,

ప్రభువు పేరట నీకు ఆశీస్సులు.

మీ నాన్న నిన్న ఫోన్ చేసి, "నీ కూతురు విజయవాడ హాస్టల్లో తోటి పిల్లలకు సువార్త చెబుతానంటోంది అన్నయ్యా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. వాడికి కోపం వచ్చినప్పుడే నువ్వు నా కూతురివవుతావు. ఫోన్ పెట్టేశాక కాసేపు గర్వంగా తిరిగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చెబుదామనుకునేసరికి గొంతు పట్టేస్తోందనీ, అరచేతులకు చెమటలు పడుతున్నాయనీ మీ పెద్దమ్మతో అన్నావట. పట్టనీ. ఏ టెన్షనూ లేకుండా ఈ మాటలు గడగడా చెప్పేసేవాళ్లను చూస్తేనే నాకు భయం.

ప్రార్థన చేసుకుని వెళ్లు. క్లాసు జరిగేటప్పుడు వద్దు. రూములో ప్రార్థన కూడిక పెట్టుకోవాలంటే వార్డెన్ గారిని అడుగు, ఆవిడ కాదంటే గొడవ పడకు. కరపత్రాలు ఎవరి పుస్తకాల్లోనూ దూర్చి రాకు, చేతికిచ్చే ధైర్యం లేకపోతే ఇవ్వడం మానెయ్. రాజ్యాంగం 25వ అధికరణలో ప్రచారం చేసుకునే హక్కు ఉందని నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. ఆ హక్కులో ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా గుర్తుపెట్టుకో. ఎవరికైనా ఫీజుకు డబ్బు తక్కువైతే సాయం చెయ్, కానీ ఆ సాయం పక్కన బైబిలు పెట్టకు. జబ్బు తగ్గుతుందని మాట ఇవ్వకు. ఎవరు ఏది ఫోన్లో వీడియో తీసి ఎక్కడ పెడతారో ఈ రోజుల్లో తెలీదు. నాకు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే.

ఇంకో సంగతి, చర్చి తెలుగు మాట్లాడకు. "గొఱ్ఱెపిల్ల రక్తములో కడుగబడితిని" అంటే పక్క మంచం పిల్ల హడలిపోతుంది. మనం చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి మనకు అది పాటలా ఉంటుంది. మన సంఘంలో ఒకాయన బస్సెక్కగానే పక్కవాళ్లతో "మీరు ఎక్కడికి వెళ్తున్నారో మీకు తెలుసా?" అని గంభీరంగా మొదలుపెట్టేవాడు. "మంగళగిరండీ" అనేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకు కూడా తెలీదు.

1979లో నేను డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ని. నా రూమ్మేటుది పల్నాడు. వాళ్లమ్మ పంపిన పచ్చడి జాడీలో సగం నాదే. సాయంత్రాలు శంకర్ విలాస్ సెంటర్ దాకా నడిచి వెళ్లి, ఒక టీ ఇద్దరం తాగేవాళ్లం. ఆ వేసవిలో ఒక యవ్వనస్థుల కూడికకు వెళ్లాను. ఎవరెవరికి సువార్త చెప్పారో పేర్లు రాసుకోమన్నారు అక్కడ. నేను చిన్న పుస్తకం పెట్టాను. కొత్తది కొనడానికి డబ్బుల్లేక, చాకలి పద్దు రాసే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి మొదలుపెట్టాను.

దసరా సెలవులకు ముందు నా రూమ్మేటు వాళ్ల నాన్న పోయాడు. వాళ్ల ఊరు వెళ్లి మూడు రోజులు ఉన్నాను. తిరిగొచ్చాక ఒకరోజు చొక్కాలు లెక్క తేలక, వాడు నా పద్దు పుస్తకం తీశాడు. అది వెనక నుంచి తెరుచుకుంది. వాడి పేరు ఉంది. పేరు కింద, "మూడుసార్లు చెప్పాను. ఇంకా మెత్తబడలేదు." దాని కింద, "తండ్రి చనిపోయాడు. ఇదే మంచి సమయం."

నా చేతిరాతే తల్లీ. ఇప్పటికీ ఆ అక్షరాలు కనిపిస్తాయి.

వాడు అరవలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, "మా ఊరొచ్చి మూడు రోజులున్నావే, అది కూడా ఇందులోదేనా?" అని అడిగాడు. కాదని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నిజంగా నాకే తెలీదు. పరీక్షలయ్యాక వాడు రూము మారిపోయాడు.

మళ్లీ చూసింది 2016 కృష్ణా పుష్కరాల్లో, విజయవాడ బస్టాండులో. భుజాన తడి తువ్వాలు, పక్కన మనవడు. వాడే గుర్తుపట్టి, "ఇప్పుడెవరి పద్దు రాస్తున్నావురా?" అని నవ్వాడు. టీ తాగాం. అప్పుడు అడిగాను, మీ నాన్న ఎలాంటి మనిషిరా అని. ముప్పై ఏడేళ్లు ఆలస్యంగా. వాడు చెబుతూనే ఉన్నాడు, రెండు బస్సులు వెళ్లిపోయాయి.

నీ అరచేతుల చెమటకు నాకు తెలిసిన మందు ఇంతే. ఒప్పించాలనుకుంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. అడిగి తెలుసుకోవడానికి పట్టదు. బైబిల్లో ఫిలిప్పు కూడా సువార్త చెప్పడానికి వెళ్లి, రథం పక్కన పరిగెత్తి ముందు ఒక ప్రశ్న అడిగాడు, రమ్మన్నాకే పైకెక్కాడు, అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం మళ్లీ చదువు. నీకు ఎదుటివాళ్ల మాట మధ్యలో అందుకునే జబ్బుంది. అది మీ నాన్న నుంచి వచ్చింది, తిట్టడం లేదు.

వినాయక చవితికి వాళ్లు ప్రసాదం పెడితే ఏం చేయాలని అడిగావు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు చదివి నీ మనస్సాక్షినే అడుగు. తినకపోతే తినకు, కానీ "ఏమనుకోకే, మా ఇంట్లో అలవాటు లేదు" అని నవ్వుతూ చెప్పు. ముఖం తిప్పుకోకు. "పాలపొడి కోసం క్రైస్తవంలో కలిశారు కదా మీరు" అని ఎవరో ఒకరు అంటారు, నన్నూ అన్నారు. ఉడుక్కోకు. మన ముత్తాత సంగతి తెలిసినంత వరకు చెప్పు. 1842లో గుంటూరొచ్చిన మిషనరీ హయ్యర్ దొర మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదువుకుని మళ్లీ ఇక్కడికే వచ్చాడని మా నాన్న పదేపదే చెప్పేవాడు. ఆయన గురించి నాకు నచ్చేది కూడా అదే.

వచ్చే ఆదివారం రా. మీ పెద్దమ్మ గోంగూర మాంసం చేస్తానంటోంది. నీ రూమ్మేట్‌ని కూడా తీసుకురా, తింటుందో లేదో ముందే కనుక్కో. మధ్యాహ్నం ఒంటిగంటకు రండి, పొద్దున్నే వద్దు. పొద్దున్నే వస్తే ఆ పిల్లను చర్చికి రమ్మని నేనే అడిగేస్తానేమోనని భయం.

మీ పెదనాన్న