రాగి జావ సంగతి తర్వాత, ముందు షుగర్ చూపించుకోండి

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. రాజమండ్రిలో ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నాను. షుగర్, బీపీలకు గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఫోన్‌లో వీడియోలు చూసి రాత్రి అన్నం మానేసి రాగి జావ తాగుతున్నాను. పక్క గది ఆవిడ చెబితే సోడియం తక్కువ ఉప్పుకు మారాను. నాలుగు నెలల్లో 58 కిలోల నుంచి 53కు తగ్గాను. తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయి. జావ రెండు పూటలా తాగవచ్చా?

జవాబు: అమ్మా, నన్ను కంగారు పెడుతున్నవి ఆ చెమటలు. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ రాత్రి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. మిమ్మల్ని చూడకుండా అదేనని తేల్చలేను. ఈసారి చెమట పట్టగానే నర్సును లేపి గ్లూకోమీటర్‌తో చూపించుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, రేపే మీ డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోండి.

ఆ ఉప్పు మాత్రం ఇవాళే ఆపండి. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచగలదు. కిడ్నీలు కాస్త మందగించి ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించండి.

ఈ వయసులో 5 కిలోలు తగ్గితే కండ కూడా కరిగిందనే అనుకోవాలి. వేరే జబ్బేమైనా ఉందేమో కూడా చూడాలి. రాగుల్లో కాల్షియం బాగుంటుంది కానీ, రెండు చెంచాల పిండితో కాచిన జావలో ప్రొటీన్ 2 గ్రాములు ఉంటే ఎక్కువ. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది. కిడ్నీ రిపోర్టు బాగుంటే రాత్రికి గుడ్డో, పప్పో, పెరుగో చేర్చండి.

ఒక్క మాట కోప్పడక తప్పదు. ఆ వీడియో చేసినవాళ్లకు మీరు వేసుకునే మాత్రలేవో తెలియదు. పక్క గది ఆవిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆవిడ కిడ్నీలు వేరు, మీవి వేరు. ఆశ్రమానికి డాక్టర్ వస్తే చాలామంది పెద్దలు "బాగానే ఉన్నాను బాబూ" అనేసి, తిండి మార్చిన సంగతి చెప్పరు. ఏమనుకుంటారో, వాళ్లకు భారమవుతామేమో అని మొహమాటం. అడగడం మీ హక్కమ్మా. మాత్రల పేర్లు, రోజంతా తిన్నవి ఒక కాగితం మీద రాయించి డాక్టర్ చేతిలో పెట్టండి. వారానికోసారి ఒకే మెషీన్ మీద బరువు చూసి అందులోనే రాయించండి.